మన మొహల్లా సెల్‌ఫోన్ హిసాబ్ మనమే రాద్దాం

మన కౌమ్ గురించి లెక్కలు ఎప్పుడూ పైవాళ్ళే తీస్తారు. 2006లో సచార్ కమిటీ తీసింది, 2016లో తెలంగాణలో సుధీర్ కమిషన్ తీసింది. వాటివల్ల ఫాయిదా లేదని నేననను. చదువు, నౌకరీ, బ్యాంకు లోన్లు ఎక్కడ ఉన్నాయో అవి చూపించాయి. కానీ ఇప్పుడు మన జిందగీ సగం సెల్‌ఫోన్‌లోకి వెళ్ళిపోయింది. రేషన్, పింఛను, స్కాలర్‌షిప్, పిల్లల హాల్ టికెట్, కువైట్ నుంచి కొడుకు పంపే పైసలు, అన్నీ అందులోనే. ఈ హిసాబ్ ఎవరు రాయాలి? మొహల్లాకు ఐదారుగురు నౌజవాన్లకు తాలీమ్ ఇచ్చి మనమే రాసుకోవాలని నా అభిప్రాయం.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. అన్ని మతాలవాళ్ళూ కలిసిన లెక్క ఇది. ఈ అంకెలు చూసి మన పెద్దలు తల ఊపుతారు, అయిపోయింది. కానీ సవాల్ ఎలా అడిగామన్నదాన్ని బట్టి జవాబ్ మారిపోతుంది. మా గల్లీలో ఒక ఖాలాను "ఇంటర్నెట్ ఇస్తేమాల్ కర్తే క్యా?" అని అడిగితే "నై బాబా, వో సబ్ మేరేకు నై ఆతా" అంటుంది. "యూట్యూబ్ మే ఖానా పకానేకా దేఖ్తే క్యా?" అంటే "హౌ, రోజ్ దేఖ్తీ!" అంటుంది. ఆమెకు ఇంటర్నెట్ అంటే మీ సేవ సెంటర్లో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు చేసే పని. యూట్యూబ్ అంటే యూట్యూబ్, అంతే. ఈ ఫరక్ ఖాలాను చిన్నప్పటినుంచీ చూసిన పిల్లకు తెలుస్తుంది. ఇంట్లో తెలుగే మాట్లాడే మన దూదేకుల కుటుంబాల్లో ఇదే సవాల్ ఇంకో రకంగా వేయాలి. అక్కడికి ఉర్దూ ఫారం పట్టుకుపోతే మొదటి గడపలోనే నవ్వుతారు.

ఇది ఖయాలీ పులావ్ కాదు. 2021లో హైదరాబాద్ పాతబస్తీ ఏరియాలో అమ్నెస్టీ ఇంటర్నేషనల్, ఇంటర్నెట్ ఫ్రీడం ఫౌండేషన్ లాంటి సంస్థల వలంటీర్లు కాలా పత్థర్, కిషన్ బాగ్ గల్లీలు తిరిగి బయటికి కనిపించే సీసీ కెమెరాలను మ్యాపుల్లో గుర్తించారు. వాళ్ళు తిరిగిన జాగాలో కాలా పత్థర్‌లో 53.7 శాతం, కిషన్ బాగ్‌లో 62.7 శాతం కెమెరా కంటి కింద ఉందని తేలింది. పోలీసుల ముఖ గుర్తింపు టెక్నాలజీ మీద ఎస్.క్యూ. మసూద్ వేసిన పిటిషన్‌పై తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. కెమెరాలు ఉండాలా వద్దా అన్న బహస్ వేరే. దొంగల భయం ఉన్న దుకాణందారు ఉండాలంటాడు, అతని మాటలోనూ దమ్ముంది. నాకు నచ్చింది పద్ధతి. గల్లీలో నడవడం, స్తంభం వైపు తల ఎత్తడం, చుక్క పెట్టడం. పదో క్లాసు పాసైన పిల్ల చేయగల పని.

ఇంకోటి కనిపించని కెమెరా. తెలంగాణలో 2014 తర్వాత ఐదారేళ్ళలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఫలానా పేరు మీద కారు ఉంది, ఫలానా మనిషికి ఆస్తి ఉంది అని కంప్యూటర్ రకరకాల రికార్డులు జోడించి చెప్పడం అందులో ఒక కారణం. మన పేర్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఒక్క మండలంలో ఎందరు షేక్ మస్తాన్‌లు, ఎందరు సయ్యద్ ఖాదర్‌లు! చివరికి 2022లో సుప్రీంకోర్టు ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ తనిఖీ చేయమని చెప్పాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే ప్రతి మొహల్లాలో ఒక కాపీ పుస్తకంలో "ఏ ఇంటి కార్డు ఏ నెలలో ఆగింది, డీలరు ఏం కారణం చెప్పాడు" అని రాసుకునే మనిషి ఉండి ఉంటే? ఒక్కో బేవా ఒంటరిగా ఆఫీసు మెట్లెక్కే బదులు యాభై ఇళ్ళ గవాహీ ఒకేసారి టేబుల్ మీద పడేది.

ఇక తాలీమ్ సంగతి. టెక్నాలజీ నేర్పడం అందులో చిన్న ముక్క. పెద్ద ముక్క తమీజ్. ఫోన్ ఎవరిది, సిమ్ ఎవరి పేరున ఉంది, ఓటీపీ ఎవరికి వస్తుంది అని అడగడం రావాలి. తల్లి ఆధార్‌కు కువైట్‌లో ఉన్న కొడుకు నంబరు జోడించి ఉంటుంది. ఇక్కడ ఓటీపీ అడిగితే అక్కడ వాడు డ్యూటీలో ఉంటాడు. బీడీలు చుట్టి, అంట్లు తోమి అరిగిన వేళ్ళు రేషన్ మిషన్ మీద ఎన్నిసార్లు పెడితే పడుతున్నాయో రాయాలి. కోడలిని అడిగితే అత్త జవాబ్ చెబుతోందా అన్నదీ రాయాలి. అందుకే ఆడవాళ్ళతో ఆడపిల్లలే మాట్లాడాలి, అదీ పగటిపూట, మగవాళ్ళు పనికి వెళ్ళాక.

అన్నిటికంటే ముందు ఇజాజత్. 2019-20 చలికాలంలో ఎన్.ఆర్.సి. భయంతో పెన్నూ కాగితం పట్టుకొచ్చిన మనిషిని చూస్తే మన ఇళ్ళల్లో తలుపులు మూసుకున్నారు. ఆ ఖౌఫ్ ఇంకా పోలేదు. కాబట్టి ఆధార్ నంబరు రాయకూడదు, ఫోన్ నంబరు రాయకూడదు, ఫోటో తీయకూడదు. ఇంటి పేరు బదులు గుర్తు చాలు. మధ్యలో "నక్కో" అంటే లేచి సలాం చెప్పి వచ్చేయాలి. రాసిన పుస్తకం అమానత్. అది పార్టీ లీడరు చేతికి ఎలక్షన్ ముందు వెళ్ళిందంటే, మొత్తం కిస్సా ఖతం. తేలిన సంగతి ముందు మొహల్లా వాళ్ళకే చదివి వినిపించాలి, తర్వాతే బయటికి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ పని మొదలవుతుందనగానే కొందరు భాయీలకు ఇంకో ఆశ పుడుతుంది: ఏ అమ్మాయి ఫోన్‌లో ఏముందో తెలుస్తుందని. లడ్కీ ఫోన్‌లో ఎవరితో మాట్లాడుతోంది అన్నది మన సవాల్ కాదు. కాలేజీ అడ్మిషన్ మెసేజ్ ఆమె చేతికి వస్తోందా, అన్న చేతికి వస్తోందా అన్నది మన సవాల్. ఈ తేడా తెలియని వలంటీరును, ఎంత చదివినవాడైనా, తీసుకోకూడదు. ఒక్క అమ్మాయి సంగతి బయటికి పొక్కినా ఆ ఇల్లే కాదు, గల్లీ మొత్తం నోరు మూసుకుంటుంది.

"ఖిద్మత్ కదా, పైసలెందుకు?" అంటారు. ఎండలో యాభై ఇళ్ళు తిరిగే పిల్లకు ఆటో కిరాయి, చాయ్, నాలుగు రోజుల కూలీ ఇవ్వాల్సిందే. జల్సాలకు మైకులకు, షామియానాలకు చందా దొరుకుతోంది, దీనికీ దొరుకుతుంది. ఆడపిల్లల మెహనత్ ముఫ్త్ అనుకోవడం మన పాత ఆదత్.

మా దగ్గర ఇప్పటికి ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు, ఒక అంగన్‌వాడీ ఆపా, ఒక ఆటో నడిపే తమ్ముడు పేర్లిచ్చారు. మస్జిద్ పై గది వాడుకోమని ఇమామ్ సాబ్ అన్నారు. కానీ ఆడవాళ్ళు పైకెళ్ళడానికి వేరే మెట్లు లేవు. అందుకే ఆదివారాలు ఉర్దూ స్కూలు గది ఇమ్మని హెడ్‌మాస్టర్‌ను అడుగుతున్నాం. మొదటి కాపీలో రాయబోయే సవాల్ ఒకటే: పోయిన నెలలో ఓటీపీ రాక ఆగిన పని ఏది?