లష్కరు పక్కన కాపురం

సికింద్రాబాదును మా పెద్దవాళ్లు యిప్పటికీ ‘లష్కరు’ అనే అంటారు. 1806లో నిజాం సికిందర్ జా పేరు పెట్టుకున్న యీ వూరు, ఫౌజు దిగిన డేరాల పక్కన పెరిగిందే. చివరకు వూరి అమ్మవారు కూడా ఫౌజు వెంట వచ్చిన తల్లే! సురిటి అప్పయ్య అనే డోలీ మోసేవాడు పటాలంతో ఉజ్జయిని వెళ్లి, కలరా చూసి మొక్కుకున్నాడనీ, తిరిగివచ్చి 1815లో మహంకాళిని ప్రతిష్ఠించాడనీ చెబుతారు.

ఆ చుట్టరికం యిప్పుడు గేటు దగ్గర ఆగింది. కంటోన్మెంటు దారులు మూస్తే కాలనీలవాళ్లు ఆందోళన చేశారు. 2018లో రక్షణశాఖ తెరవమన్నది. ఆ తర్వాతా పేచీలు తప్పలేదు. దారి అడగడం తప్పని నేననను. చుట్టు తిరిగి బడికి పోయే పిల్లలకు దేశభక్తి పాఠం ఎక్కదు. కాని, “వాళ్లకేమండీ, క్యాంటీను సరుకు చవక!” అని అరుగుల మీద సణిగేదీ మనమే, ఆ సరుకు తెచ్చిపెట్టమని జవాను భార్యను బతిమాలేదీ మనమే.

మా పక్కవాటాలో ఒక నాయక్ గారి భార్య అద్దెకుంటున్నది. ఆయన సరిహద్దులో వున్నాడు. ఆవిడకు తెలుగు రాదు. మా ఆవిడ హిందీ అంతంతమాత్రం. అయినా మొన్న ఆషాఢంలో యిద్దరూ కలిసి బోనం వండారు. కుండ మాది, బెల్లం క్యాంటీనుది.