కిన్నెర కథకు పూర్తి నిడివి కావాలి

2021 సెప్టెంబరులో ‘భీమ్లా నాయక్’ సినిమా టైటిల్ పాట వచ్చినప్పుడు కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గొంతు ప్రతి ఫోన్‌లోనూ మోగింది. మరుసటి జనవరిలో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం ప్రకటించింది. 2024 మేలో తుర్కయంజాల్ దగ్గర ఆయన కూలిపని చేస్తున్న వీడియో కూడా అంతే వేగంగా తిరిగింది. పాటైనా వీడియో అయినా చిత్రించింది వేరేవాళ్లే. ఆయన ఏళ్ల తరబడి పాడుతున్న కథలు రెంటిలోనూ లేవు.

ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ ఆయన సొత్తు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు, డక్కలి కులం. మాదిగల పుట్టుపూర్వోత్తరాలు పాడి, వాళ్లు పెట్టింది తిని బతికినవాళ్లు డక్కలివాళ్లు. అంటరానివాళ్లలోనే అట్టడుగున నిలబెట్టిన కులం అది. వెదురు దండెకు సొరబుర్రలు కట్టి, తేనెమైనంతో మెట్లు అతికించి కిన్నెర చేస్తారు. పూర్వం మెట్లకు అలుగు పొలుసులు వాడేవారు. మొగులయ్యది 12 మెట్ల కిన్నెర.

నల్లజాతి అమెరికన్ వీడియో కళాకారుడు యులిసిస్ జెంకిన్స్ జీవితాన్ని మొగులయ్య కథ పక్కన పెట్టి చూడాలి. 1946లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. భుజాన మోసుకెళ్లే వీడియో కెమెరా అందుబాటులోకి రాగానే, 1970ల మొదట్లో వాట్స్ పేటకు వెళ్లారు. 1965లో పోలీసుల దౌర్జన్యం మీద తిరగబడ్డ పేట అది. టీవీలకు అల్లర్లుగానే కనిపించిన ఆ పేట ఉత్సవాన్ని ఆయన లోపలి మనిషిగా చిత్రించారు. 1978 నాటి ‘మాస్ ఆఫ్ ఇమేజెస్’లో, తెర మీద నల్లవారిని వెక్కిరించిన బొమ్మలకు ఎదురుగా, టీవీల ముందు సమ్మెట పట్టుకుని కనిపిస్తారు. తాను వీడియో గ్రియోనని చెప్పుకున్నారు. గ్రియోలు పశ్చిమాఫ్రికాలో తరతరాలుగా వంశచరిత్రలు పాడేవాళ్లు. వాళ్ల కోరా వాద్యానికీ సొరబుర్రే ఆధారమని తెలిశాక, మన కిన్నెరకు అంత దూరాన తోబుట్టువు దొరికిందనిపించింది నాకు. ఆ టేపులు నిలిచాయి గనుకే 2021లో ఫిలడెల్ఫియా సమకాలీన కళా సంస్థ జెంకిన్స్ జీవితకాలపు పనిని ఒక్కచోట ప్రదర్శించగలిగింది.

మనదగ్గర మంచి పనులు జరగలేదని కాదు. మొగులయ్య జీవితం 8వ తరగతిలో పాఠమైంది. పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు ఊరూరా తిరిగి వాద్యాలు సేకరించారు, కళాకారులను వేదికలెక్కించారు. 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకూ పద్మశ్రీ ఇచ్చారు. కానీ బిరుదుతో కథ భద్రం కాదు. గంటల కొద్దీ సాగే కథలోంచి నిమిషం ముక్క తీసుకుని, మిగతాది ఆ గొంతుతోనే పోనిస్తే గౌరవించినట్టు కాదు.

భాషా సాంస్కృతిక శాఖ డక్కలి, మాలదాసరి వంటి కళాకారుల కులాల పిల్లలకే కెమెరా, ఎడిటింగ్ నేర్పి, ఇంట్లో పెద్దలు పాడే కథలను వాళ్లచేతే మొదలునుంచి చివరిదాకా రికార్డు చేయించాలి. ఆ పనికి జీతం ఇవ్వాలి. రికార్డుల మీద హక్కు ఆ కుటుంబాలకే రాసివ్వాలి. సినిమావాళ్లు వాడుకున్నా, ప్రభుత్వం వాడుకున్నా డబ్బు వాళ్లకే చేరాలి. పాడగల పెద్దలు ఇప్పటికే కొద్దిమంది. లింగాల మండలం నుంచే మొదలుపెట్టవచ్చు.