తాగనోడు ఎందుకు జవాబు చెప్పాలె?

మన ఊర్లల్ల ఒక ముచ్చట గమనించుండ్రి. దావత్‌ల తాగెటోణ్ని "ఎందుకు తాగుతున్నవ్" అని ఎవ్వలు అడుగరు. తాగనోణ్ని మాత్రం పదిమంది అడుగుతరు. "గోలీలు వాడుతున్నవా? మాల ఏసుకున్నవా? పెండ్లానికి భయపడుతున్నవా?" తాగకపోవుడే ఒక రోగమైనట్టు సాకు చూపియ్యాలె.

పుట్టువెంట్రుకలకు, కొత్త బండికి, ఆఖరికి సావుకాడ బొంద తీసెటోళ్లకు గూడ సీసాతోనే లెక్క. అడిగితే "ఇది మన తెలంగాణ కల్చర్" అంటరు. బోనాలకు సాక పోసే కల్లు మన ఆచారమే, కాదంటలేను. గని గౌడన్న గీసిన కల్లుకు, ఫ్యాక్టరీలకెల్లి వచ్చిన కోటరుకు ఏం సుట్టరికం? కల్లు పైసలు ఊర్లె ఉంటయ్. కోటరు పైసలు కంపెనీకి, సర్కారుకు పోతయ్.

సర్కారు లెక్క సూడుండ్రి. 2023ల 2,620 వైన్స్‌ల లక్కీ డ్రాకు లక్షా 31 వేల పైన దరఖాస్తులు వచ్చినయ్. ఒక్కోదానికి 2 లక్షలు, వాపస్ ఇయ్యరు. ఒక్క సీసా మూత తియ్యకముందే 2,600 కోట్లకు పైన ఖజానల పడ్డయ్. అంత పెట్టి షాపు పట్టినోడు ఊకుంటడా? గల్లీకో బెల్టుషాపు లేస్తది. దానికి లైసెన్సు ఉండదు, టైము ఉండదు, సీసా మీద పదో ఇరవయ్యో ఎక్కువ.

నేను తాగెటోళ్లను తిట్టనీకి రాస్తలేను. పొద్దంత మూటలు మోసినోని ఒంటినొప్పి నాకెరుకే. గని రోజుకు 150 రూపాయలు పోతే ఏడాదికి 54 వేలు దాటుతది. ఆ బాకీ ఇంటి ఆడామె కూలి మీద పడుతది.

ఇంకో లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15 ఏండ్లు దాటిన మొగోళ్లల్ల తాగెటోళ్లు దేశం మొత్తంల నూటికి 19 మంది, తెలంగాణల 43 మంది. సిగ్గుపడే లెక్కనే. గని దాన్ని తిప్పి చదువుండ్రి, మన దగ్గర గూడ తాగనోళ్లే ఎక్కువున్నరు! "అందరు తాగుతున్నరు" అన్నది ఉత్త అబద్దం. ఎక్కువ మంది సప్పుడు చేస్తలేరు, అంతే.

1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల అచ్చరాలు నేర్సుకునే అమ్మలు సప్పుడు చేసిండ్రు. 1993ల సారా బంద్ అయింది. 1995ల మొత్తం మద్యనిషేధం వచ్చింది, 1997ల ఎత్తేసిండ్రు. సర్కారు ఇచ్చింది సర్కారే గుంజుకుంటది, ఊరు పట్టుకుంటేనే నిలుస్తది.

తమ్ముండ్లు, చెల్లెండ్లు, గ్రామసభల బెల్టుషాపు ముచ్చట లేపుండ్రి. వినాయకుని చందాల, క్రికెట్ టోర్నమెంట్ పైసలల్ల సీసా ఖర్చు తీసెయ్యుండ్రి. ఇవన్ని కాకున్నా ఒక్కటి చెయ్యుండ్రి: వద్దన్నోణ్ని రెండోసారి అడుగకుండ్రి.