ఏమీ జరగలేదు అమ్మమ్మా!

మొన్న సెలవులకి తెనాలి వెళ్ళినప్పుడు మా పిన్ని మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "రెండేళ్ళు మిలిటరీలో చేశావటగా, ఏం చేశావో చెప్పరా" అని అడిగింది. తుపాకుల కబుర్లు వినొచ్చని పిల్లలంతా చుట్టూ చేరారు. వాడు కాసేపు ఆలోచించి, "ఏమీ జరగలేదు అమ్మమ్మా, వాటర్ బాటిళ్ళు లెక్కపెట్టాను" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను కానీ, ఆ మాట మనసులో ఉండిపోయింది.

సింగపూర్‌లో ఉండే మనవాళ్ళకి ఇది కొత్త సంగతేమీ కాదు. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. అక్కడ 1967 నుంచీ మగపిల్లలకి నేషనల్ సర్వీస్ తప్పనిసరి. పౌరులే కాదు, మాలాంటి పర్మనెంట్ రెసిడెంట్ల కొడుకులు కూడా పద్దెనిమిదేళ్ళు నిండాక రెండేళ్ళు చెయ్యాలి. ఉద్యోగం మీద వచ్చి పీఆర్ తీసుకున్న తండ్రికి మినహాయింపు ఉంది, కొడుక్కి లేదు. అందుకే మన ఇళ్ళల్లో అబ్బాయికి మీసాలు రాకముందే ఈ గొడవ మొదలవుతుంది.

మా ఇంట్లో ఆ గొడవ పెట్టింది నేనే. "వాడి ఈడు వాళ్ళు ఇంజనీరింగ్ మూడో ఏడాదికి వస్తారు, వీడు ఇంకా మొదటి ఏడాదిలోనే ఉంటాడు. పీఆర్ వదిలేసి ఇండియా పంపేద్దాం" అని ఏడ్చాను. మావారు ఒకటే అన్నారు, "ఇక్కడి బళ్ళో చదివించుకున్నాం, ఇక్కడి ఆసుపత్రుల్లో చూపించుకున్నాం. వాళ్ళు అడిగినప్పుడు మాత్రం గోడ దూకుదామా?" అని. నా దగ్గర జవాబు లేదు. అలాగని కోపమూ పోలేదు.

చేరే రోజున మమ్మల్నీ రానిచ్చారు. చాంగీ దగ్గర ఫెర్రీ ఎక్కి టెకాంగ్ దీవికి వెళ్ళాం. పిల్లలు పడుకునే మంచాలు చూపించారు, భోజనం పెట్టారు, వాళ్ళు ప్రమాణం చేస్తుంటే చూశాం. మళ్ళీ వాణ్ణి చూసేసరికి గుండు! తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు వాడు ఏడ్చాడు. ఈసారి నేను ఏడ్చాను.

తర్వాత నిజంగానే ఏమీ జరగలేదు. శిక్షణలో మోకాలు నొప్పి చేస్తే, ఆ తర్వాత స్టోర్‌లో వేశారు. హెల్మెట్లు, గుడారాలు, వాటర్ బాటిళ్ళు లెక్కపెట్టి ఇవ్వడం, తిరిగొచ్చాక లెక్కపెట్టి తీసుకోవడం. ఒకటి తగ్గితే మళ్ళీ మొదటినుంచీ. మధ్యలో వంతు వచ్చినప్పుడు రాత్రి కాపలా. అంతే, రెండేళ్ళు అయిపోయాయి.

సెలవుకి వచ్చిన మొదటి వారమే సంచీ దింపి, బట్టలు తనే వాషింగ్ మెషీన్లో వేసుకున్నాడు. నేను మురిసిపోయి ఊళ్ళో అందరికీ ఫోన్లు చేశాను. అదంతా విని మా అమ్మాయి, "అన్నయ్యకి బట్టలు మడతపెట్టడం నేర్పడానికి ఒక ప్రభుత్వం కావాల్సొచ్చిందా అమ్మా? నాకైతే నువ్వొక్కదానివే సరిపోయావు" అంది. నా చెంప మీద కొట్టినట్టయింది. నిజమే కదా! పదేళ్ళకే దానికి నేర్పినవి వాడికి నేనెందుకు నేర్పలేదు?

అందుకే "మిలిటరీకి వెళ్తే మగాడవుతాడు" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాడు అక్కడ నేర్చుకున్నది వేళకి లేవడం, తన పక్క తను సర్దుకోవడం, వంతు వస్తే విసుక్కోకుండా చెయ్యడం. ఇవన్నీ మనం ఆడపిల్లలకి ఇంట్లోనే నేర్పేస్తున్నాం, పతకాలేమీ ఇవ్వకుండా.

"రెండేళ్ళు దండగ" అన్నా ఒప్పుకోను. నష్టం లేదని అబద్ధం చెప్పను. వాడి స్నేహితులు ఉద్యోగాల్లో చేరుతుంటే వీడు పుస్తకాలు పట్టుకుని తిరిగాడు. ఆ బాధ నేను చూశాను. కానీ ఏమీ జరగకపోవడం వేరు, ఏమీ చెయ్యకపోవడం వేరు. ఎవరో ఒకరు లెక్క చూసుకుంటూ, రాత్రిళ్ళు మేలుకుని ఉంటేనే ఏమీ జరగదు.

మనకంటే ఈ సంగతి ఎవరికి బాగా తెలుసు? "పొద్దుట్నుంచీ ఏం చేశావు?" అంటే మనమూ "ఏముంది, ఏమీ లేదు" అంటాం. పప్పు డబ్బాలు నిండుగా ఉండి, గ్యాస్ అయిపోకుండా, పిల్లాడి జ్వరం తెల్లారేసరికి తగ్గిపోతే ఆ రోజు "ఏమీ జరగలేదు". ఆ ఏమీ జరగకపోవడం వెనక మనం ఉన్నామని ఎవరూ చూడరు. వాటర్ బాటిళ్ళు లెక్కపెట్టిన నా కొడుకు మాత్రం ఇప్పుడు చూస్తున్నాడు. తెనాలి నుంచి వచ్చిన రోజు సామాన్లు సర్దుతుంటే, "అమ్మా, నీది కూడా స్టోర్ డ్యూటీయే కదూ" అన్నాడు.

ఇప్పుడు వంతు వచ్చిన తల్లులకి నేను చెప్పేది ఇంతే. భయపడకండి, మీవాడికీ ఏమీ జరగకూడదనే కోరుకోండి. ఫెర్రీ ఎక్కించేలోగా మాత్రం, తిన్న కంచం కడుక్కోవడం మీరే నేర్పండి.