‘అశాస్త్రీయం’ ఎవరిది?

పంట పోయినప్పుడల్లా రైతు నెత్తిన పడే మొదటి మాట ‘అశాస్త్రీయ సాగు’. మొలక రాకపోతే లోతుగా విత్తాడంటారు. కాయ పట్టకపోతే ఎరువు ఎక్కువేశాడంటారు. విత్తన కంపెనీ వకీలూ అదే అంటాడు, చేలో కాలు పెట్టని అధికారీ అదే రాస్తాడు. మట్టి పరీక్ష చేశారా? అదే లాటు విత్తనం వేసిన పక్క చేలు చూశారా? చూడకుండా తేల్చేసిన మాట ఎంత చదువుకున్నవాడు చెప్పినా ఊహే. అశాస్త్రీయమంటే అదీ.

జాతీయ విత్తన సంస్థ మీద ఆంధ్రప్రదేశ్ రైతులు పోరాడిన కేసులో ఇదే తగాదా నడిచింది. విత్తనం శాంపిలు ల్యాబుకు పంపలేదు కాబట్టి లోపం రుజువు కాలేదని సంస్థ వాదన. కొన్న విత్తనమంతా చేలో చల్లుకునే రైతు ల్యాబు కోసం దాచిపెట్టాలని ఎలా ఆశిస్తారని 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. చేలు చూసిన నిపుణుల నివేదికలకు విలువిచ్చింది. రైతు వినియోగదారుడేనని, ఫోరానికి వెళ్లవచ్చని తేల్చింది.

వేప సంగతీ చూడండి. మనం కషాయం కాస్తే నాటువైద్యం. అమెరికా వ్యవసాయ శాఖ, గ్రేస్ కంపెనీ కలిసి వేపనూనెతో తెగుళ్ల నివారణ మీద యూరప్‌లో పేటెంటు తెచ్చుకుంటే కొత్త ఆవిష్కరణ! కొత్తేమీ లేదని 2000లో అది రద్దయింది, 2005లో అప్పీలూ పోయింది.

మనవాళ్లకూ ఒక మాట చెప్పాలి. జీవామృతం పోస్తే ఏ తెగులూ రాదని మీటింగుల్లో గట్టిగా చెప్పేవారున్నారు. నాలుగు సాళ్లు పోయకుండా వదిలి, రెండు వైపులా దిగుబడి కాటా వేసి చూపమంటే కోపమొస్తుంది. ఎందుకు రావాలి? వేపగింజల కషాయమైనా, కంపెనీ మందైనా, యూనివర్సిటీ సిఫారసైనా అడగాల్సింది ఇదే. శాస్త్రవేత్త రుజువు అడిగితే అది అవమానం కాదు, మనమూ ఆయన్ను అదే అడుగుదాం.

ఖరీఫ్ విత్తనాలు కొనే రోజులివి. బిల్లు తీసుకోండి, లాటు నంబరున్న సంచి పారేయకండి. కోర్టు అక్కర్లేదన్నా గుప్పెడు గింజలు దాచండి. విత్తిన తేదీ, వాన పడిన రోజు, వేసిన ఎరువు, కొట్టిన మందు పిల్లల పాత నోటుపుస్తకంలోనైనా రాసుకోండి. మొలక తేడాగా ఉంటే దున్నేయకముందే వ్యవసాయాధికారికి అర్జీ పెట్టి, రసీదు తీసుకుని, సంఘానికి కబురు చేయండి.