చూడఁదగిన పట్టణములు

లోకమునఁ జూడఁదగిన పట్టణములెవ్వి యని విద్యార్థులు మమ్ము తఱచుగ నడుగుచుందురు. పటముపై వ్రేలుంచి పేళ్లు చెప్పుట సులభమే. కాని పట్టణమును జూచుట యనఁగా నేమియో ముందుగా విచారింపవలయును. మేడలను, కాలువలను జూచినంతమాత్రమున పట్టణమును జూచినట్లు కాదనియు, అందు కాపురముండు జనులే దాని ప్రాణమనియు మా యభిప్రాయము.

ఇటలీ దేశమందలి వెనిస్ నగరమును దీసికొందము. లోతులేని యుప్పునీటి మడుగులో, నూఱింటికి మించిన చిన్నదీవులపై, బురదలో కొయ్యగుంజలు దిగఁగొట్టి, వానిపై రాతిపునాదులు వేసి దీనిని నిర్మించిరి. అందు వీథులకు మాఱు కాలువలు; బండ్లకు మాఱు పడవలు; వంతెనలు నాలుగువందలకుఁ బైమాట. 1966 నవంబరు 4వ తేదీన సముద్రపు పోటు 194 సెంటిమీటర్ల కొలతకు లేచి నగరమును ముంచెను. అట్టి యాపద మరల రాకుండ, సముద్రము లోనికి వచ్చు మూఁడు ద్వారములయందును నీటియడుగున మొత్తము 78 ఇనుప తలుపులమర్చి, 2020 అక్టోబరులో మొదటిసారి పోటునకెదురుగా నెత్తి నిలిపిరి.

నీటి నాపఁగలిగిరి గాని జనప్రవాహము నాపుట దుర్లభమయ్యెను. 1951లో పాతనగరమున సుమారు 1,75,000 మంది నివసించిరి. 2022 నాఁటికి వారు 50,000కు లోఁబడిరి. ఇండ్లు యాత్రికుల బసలగుకొలఁది అద్దెలు హెచ్చెను. నిత్యావసరముల యంగళ్లుండినచోట బొమ్మల యంగళ్లు వెలసెను. 2021లో ప్రభుత్వమువారు 25,000 టన్నులకు మించిన యోడలను జూడెక్కా కాలువలోనికి రానీయక నిషేధించిరి. 2024లో, రాత్రి బసచేయక మరలిపోవువారిపైఁ గొన్ని దినములకు ఐదు యూరోల సుంకము విధించిరి.

యాత్రికులవలననే యచటివారికి జీవనము జరుగుచున్నదిగదా యని కొందఱందురు. నిజమే. కాని కాపురస్థులు విడిచిపోయిన యూరు వస్తుప్రదర్శనశాలయగును గాని యూరు గాదు. సుంకముచే బొక్కసము నిండవచ్చును. చూడవచ్చువాని నడవడి మాత్రము మాఱదు.

పసిఫిక్ మహాసముద్రమందలి పలౌ దీవులవారు వేఱొక మార్గమును ద్రొక్కిరి. 2017 డిసెంబరు మొదలు, అచట దిగు ప్రతి యాత్రికుని పాస్‌పోర్టుపై నొక ప్రతిజ్ఞ ముద్రింపఁబడుచున్నది. ఆ దీవులకు హాని చేయనని యచటి బాలబాలికలను సంబోధించి వ్రాసిన ప్రతిజ్ఞ యది. యాత్రికుఁడు దానిపై చేవ్రాలు చేయవలెను. దాని రచనయందు ఆ పిల్లలును దోడ్పడిరి. చూడవచ్చినవాఁడు కొనువాఁడు గాక యతిథి యని దెలుపు నీ పద్ధతియే సుంకముకంటె మేలని మేము తలంచుచున్నాము.

మన విద్యార్థులలో వెనిసునకుఁ బోవువారు కొందఱే కావచ్చును. అయినను సెలవులలో నేయూరికేఁగినను, ఒక్కదినమున పది చోట్లు చూచుటకంటె ఒక్కచోట నాలుగు దినములుండుఁడు. ఆ యూరివారి యంగడిలోనే కొనుఁడు. వారి నీటిని, నిద్రను, వీథిని గౌరవింపుఁడు. మీరు వెడలివచ్చిన పిమ్మట నాయూరు, అందలి పిల్లలకు మునుపటివలెనే నివాసయోగ్యమై యుండవలయును.