రెండు సీట్ల బండి: వారం రోజుల తజ్రబా



పోయిన వారం మా ఇంటికి కొత్త బండి వచ్చింది. కొత్తదంటే మాకు కొత్త, బండి మాత్రం పాతదే. హోండా సీఆర్-జెడ్, 2011 మోడల్, ఆరు గేర్ల మాన్యువల్ హైబ్రిడ్. జుమా తర్వాత మస్జిద్ పార్కింగ్‌లో మన డల్లాస్ దోస్తులు చుట్టూ మూగారు. మైలేజీ ఎవరూ అడగలేదు. అందరిదీ ఒకటే సవాల్: "భాయ్, పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతావ్?"

సవాల్ సరైనదే. అమెరికాలో అమ్మిన సీఆర్-జెడ్‌కు ఉన్నవి రెండే సీట్లు. జపాన్‌లో, యూరప్‌లో వెనక చిన్న సీట్లు ఇచ్చారు. ఇక్కడ వాటి స్థానంలో సామాను అరలు పెట్టారు. మరి ఇద్దరు పిల్లలున్నవాణ్ణి, ఎందుకు కొన్నాను?

లెక్క చెబుతాను. ఇంట్లో వ్యాన్ ఉంది. స్కూలు, మక్తబ్, కిరాణా అన్నీ బేగం దాని మీదే చూసుకుంటుంది. నేను ఆఫీసుకు పోను 28 మైళ్లు, రాను 28 మైళ్లు, ఒక్కణ్ణే. ఇన్నాళ్లూ ఏడు సీట్ల పాత ఎస్‌యూవీలో ఆరు ఖాళీ సీట్లను రోజూ ఆఫీసుకు తీసుకెళ్లి, సాయంత్రం భద్రంగా ఇంటికి తెచ్చాను. ఫుజూల్ ఖర్చు అంటే అదీ.

2010లో ఈ బండి వచ్చినప్పుడు జపాన్‌లో ఆ ఏటి మేటి కారు అవార్డు ఇచ్చారు. అమెరికా పత్రికలు మాత్రం అంత మురిసిపోలేదు. ఇక్కడి లెక్కలో ఇంజిన్, మోటారు కలిపి 122 హార్స్‌పవర్. సున్నా నుంచి 60 మైళ్ల వేగానికి తొమ్మిది సెకన్ల అటూ ఇటూ. స్పోర్ట్స్ కారుకు అది చాలదన్నారు. మైలేజీ చూస్తే సర్కారీ అంకెల ప్రకారం మాన్యువల్‌కు ఊళ్లో గ్యాలన్‌కు 31 మైళ్లు, హైవే మీద 37. అప్పటి ప్రియస్ సగటే 50. రెంటికీ చెడ్డ రేవడి అని వాళ్ల ఫైసలా.

అంకెలతో నాకు ఝగడా లేదు. వారం నడిపాక నా మాట ఇది: వాళ్లు దాన్ని రెండు వేర్వేరు బండ్లతో తూచారు, నా లాంటి మనిషి రోజువారీ దారితో తూచలేదు. నేను రేసుకు పోవడం లేదు. మైలేజీ కోసం నిద్రపోతూ నడిపే బండీ నాకొద్దు. నేను కారు నేర్చుకున్నది గుంటూరులో మామూజాన్ మారుతి 800 మీద. ఎడమ కాలు క్లచ్‌ను, ఎడమ చెయ్యి గేరు రాడ్డును పదకొండేళ్లు మరిచిపోయాయి. ఇక్కడ గేరు రాడ్డు కుడి చేతికి వచ్చింది. మొదటి రోజు రెండుసార్లు ఇంజిన్ ఆపేశాను. మూడో రోజుకు చెయ్యి దానంతటదే వెళ్లింది. హైవే ఎక్కే వంపులో రెండో గేరు నుంచి మూడుకు మార్చి కాలు నొక్కితే, ఇంజిన్ ఊపందుకునేలోపే మోటారు భుజం పెడుతుంది. ఆఫీసు నుంచి అలిసి వచ్చే మనిషికి ఆ ఖుషీ తక్కువది కాదు.

దీని పనితనం సాదాగా ఉంటుంది. లీటరున్నర పెట్రోలు ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య పల్చటి మోటారు. నొక్కినప్పుడు సాయం పడుతుంది, కాలు తీసినప్పుడు అదే జనరేటరై బ్యాటరీ నింపుతుంది. ఒట్టి కరెంటు మీద నడిచే బండి మాత్రం కాదు. ఎకాన్, నార్మల్, స్పోర్ట్ అని మూడు బటన్లు. స్పోర్ట్ నొక్కితే మీటరు చుట్టూ ఎర్రటి వెలుగు, కాలి కింద చురుకు. నేను పొద్దున ఎకాన్, సాయంత్రం స్పోర్ట్. మొదటి ట్యాంకు లెక్క గ్యాలన్‌కు 36 మైళ్లు వచ్చింది. పాత బండి 18 దాటేది కాదు.

ఇన్సాఫ్‌గా నుక్సులూ చెప్పాలి. వెనక అద్దం మధ్యలో అడ్డ పట్టీ ఉంది, పక్క కిటికీలు ఇరుకు, లేను మారేటప్పుడు మెడ పూర్తిగా తిప్పి చూసుకోవాలి. గతుకుల్లో నడుముకు తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగితే ఏసీ చల్లదనం తగ్గుతుంది. టెక్సస్ ఎండలో అది చిన్న షికాయత్ కాదు.

విజిట్ వీసా మీద వచ్చిన అబ్బా గురువారం నాతో వచ్చారు. సీటు నేలకు దగ్గర, మోకాళ్లు పట్టేసి కూర్చోవడానికి అవస్థపడ్డారు. అదీ నుక్సే. మొదటి సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగింది. "బండి చెడిపోయిందా బేటా?" అన్నారు. లేదబ్బా, పెట్రోలు వృథా కాకుండా తానే ఆపుకుంటుందన్నాను. క్లచ్ తొక్కి గేరు వేయగానే లేచింది. అబ్బా పెద్దగా నవ్వారు. "రైలు గేటు దగ్గర నేను స్కూటర్ ఆపితే కంజూస్ అని నీ దోస్తుల ముందు సిగ్గుపడేవాడివి. అదే పనికి నువ్వు డబ్బులిచ్చావా?"

నిజమే, సిగ్గుపడేవాణ్ణి. శంకర్ విలాస్ వంతెన దిగేటప్పుడు కూడా చేతక్ ఇంజిన్ ఆపేసేవారు. వెనక కూర్చుని తల దించుకునేవాణ్ణి. ఆ మిగిలిన పెట్రోలుతోనే నా ఫీజులు కట్టారని అప్పుడు తెలియలేదు. ఆ మాట అబ్బాతో ఇన్నేళ్లకు ఈ బండిలోనే అన్నాను. ఆయన కిటికీ బయటికి చూస్తూ, "సరేలే, సిగ్నల్ పడింది, పోనీ" అన్నారు.

అందుకే నా రాయ్ ఇది. కిఫాయత్ వేరు, కంజూసీ వేరు. షౌక్ వేరు, దిఖావా వేరు. దావత్‌లో నలుగురూ చూస్తారని ఆరేళ్ల ఖర్జ్ మీద, సూద్ కడుతూ పెద్ద బండి తెచ్చుకోవడంలో షాన్ లేదు. నేను రెండేళ్లు పాత బండిని ఈడ్చి, నగదు పోగేసి దీన్ని కొన్నాను. అంతమాత్రాన అందరినీ కొనమనను. ఇంట్లో ఒకే కారు ఉంటే దీని దగ్గరికి పోకండి. పాత హైబ్రిడ్ ఏదైనా సరే, బ్యాటరీని మెకానిక్‌తో చెక్ చేయించి, వారంటీ ఎంత మిగిలిందో కాగితం మీద చూసుకున్నాకే పైసలివ్వండి.

ఇంకో మాట. పదమూడేళ్ల లోపు పిల్లల్ని వెనక సీట్లోనే కూర్చోబెట్టాలని ఇక్కడి రోడ్డు భద్రత వాళ్ల సలహా. మా అబ్బాయికి పద్నాలుగు, నాతో రావచ్చు. అమ్మాయికి ఎనిమిదే. గల్లీ చివరి దాకా అని రోజూ బతిమాలుతోంది, నిన్న ఏడ్చింది కూడా. ఎక్కించుకోలేదు, ఎక్కించుకోను. ఈ బండికి నేను చెల్లిస్తున్న అసలు ఖరీదు అదే.